నాలుగు డిగ్రీల సాక్షి

స్టోర్‌కీపర్ కుర్చీ అంచున కూర్చుంది. "శీతల గదిలో మందులన్నీ వేడెక్కి పాడైపోయాయి బాబూ. తలుపు నేనే తీసి వదిలేశానని మా యజమాని పోలీసులకు ఫిర్యాదిచ్చాడు. సాయంత్రానికల్లా నన్ను తీసుకుపోతారు."

ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ను అందరూ తక్కెడ అంటారు. ఎవరి మాటా అరువు మీద పుచ్చుకోడు. "గదిలో చలి ఎంతుందో ఎవరు చూస్తారు?"

"నేనేనండీ. కంప్యూటర్ తెర మీద నాలుగు డిగ్రీలుంటుంది. సరుకు దింపుతూ తలుపు బార్లా తెరిచినా నాలుగే. అంత గట్టి గది!"

గది గట్టిదే, మనిషే అబద్ధమాడుతోందని పక్కనున్న అసిస్టెంటు లెక్క కట్టేశాడు. తక్కెడ మాత్రం, "ఎప్పట్నుంచి అంత గట్టిపడింది?" అన్నాడు.

"యజమాని అల్లుడుగారు కంప్యూటర్ బాగుచేసినప్పట్నుంచి. అంతకుముందు అస్తమానం అలారం మోగి చెవులు చిల్లులు పడేవి."

గిడ్డంగి గుమ్మంలోనే యజమాని అడ్డుపడ్డాడు. తక్కెడ వెనకున్న స్టోర్‌కీపర్‌ను చూసి, "దీనికి వకాల్తా పుచ్చుకొచ్చావా? నడువ్ బయటికి!"

"నడుస్తాను. మీ అల్లుణ్ణి పోలీసులు అడిగేకన్నా నేనడిగితే మీకే లాభం."

లాభమనేసరికి యజమాని పక్కకు జరిగాడు.

శీతల గది ముందు అందరూ చేరారు. "ఈ కంప్యూటర్‌లో డ్రైవర్ ప్రోగ్రాం రాసింది నేనే. అదేమిటో తెలుసా నీకు?" అన్నాడు అల్లుడు వెటకారంగా.

"థర్మామీటరుకీ కంప్యూటరుకీ మధ్య దళారి." తక్కెడ థర్మామీటరు తీగను పట్టుకున్నాడు. దుమ్ము పట్టిన తీగకు కొత్త టేపు మెరుస్తోంది. "ఈ టేపు ఎవరు చుట్టారు?"

"సరుకు చెడిన రోజు అల్లుడే చుట్టాడు. అయితే?" అన్నాడు యజమాని.

తక్కెడ తీగను పీకేశాడు. పక్కనున్న కంప్యూటర్ తెర మీద నాలుగు డిగ్రీలు అలాగే ఉన్నాయి. లెక్క తప్పిన అసిస్టెంటు తల దించుకున్నాడు.

"సరుకు అందకపోతే అందలేదని చెప్పడం దళారి ధర్మం. ఈ దళారి పాత అంకె చూపించి అంతా క్షేమమంటాడు. అప్పట్లో అలారం మోగింది తీగ వదులై. ఇతను తీగ బిగించలేదు, దళారి నోరు నొక్కాడు. తర్వాత చల్లబరిచే మిషన్ ఆగింది. గది కాలిపోతున్నా తెర మీద నాలుగే!"

"మామయ్యా, మోత ఆపమన్నది మీరే!" అని అరిచాడు అల్లుడు.

తక్కెడ అల్లుణ్ణే చూశాడు. "తెలియక చేశానంటే నమ్మేవాణ్ణి. తెలిశాక ఏమీ ఎరగనట్టు టేపు చుట్టి, తప్పు ఈమె మీదికి తోశావు. ముందు ఆ డ్రైవర్ సరిచెయ్యి. అంకె రాకపోతే రాలేదనే చెప్పాలి."

యజమాని గొంతు తగ్గించి స్టోర్‌కీపర్ వైపు తిరిగాడు. "ఇంటి పరువమ్మా. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాలే."

"తీసుకోకండి," అందామె. "పేరు మార్చి ఇవ్వండి."