చెవిలో అమ్మ

విశాఖపట్నంలో ఇప్పుడు పిల్లలకి చెవులు కుట్టించాలంటే కంసాలి దగ్గరికి వెళ్ళరు, డాక్టర్ భానుమూర్తి గారి ల్యాబ్‌కి వెళ్తారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టడం, చేతిలో బెల్లం ముక్క పెట్టడం మాత్రం మారలేదు. మారిందల్లా పోగు. మిరియపు గింజంత పోగులో ఒక మైక్, ఒక స్పీకర్ ఉంటాయి. పిల్ల ఏది అడిగినా అది సర్వర్‌లో వెతికి చెవిలో జవాబు చెబుతుంది. అదీ కన్నతల్లి గొంతుతో. అందుకోసం తల్లి ముందుగా గంటసేపు మాట్లాడి తన గొంతు ఇచ్చి రావాలి. ఇచ్చేటప్పుడు ఎవరూ రెండోసారి ఆలోచించరు, మనవాళ్ళ సంగతి తెలిసిందేగా.

ఉషశ్రీ కూడా ఆలోచించలేదు. భర్త ఓడలో ఉద్యోగి, ఏడాదికి రెండు నెలలే ఇంట్లో ఉంటాడు. ఇరవయ్యో అంతస్తులో తనూ, నాలుగేళ్ళ కూతురు కిన్నెరా. "సముద్రం పొంగిపోకుండా స్టవ్ ఎవరు కట్టేస్తారు? చీమకి జ్వరమొస్తే థర్మామీటర్ ఎక్కడ పెడతారు?" పొద్దస్తమానం పిల్లది ఇదే గోల. పోగు పెట్టించాక ఇల్లు చల్లబడింది. మూడు నెలలకి ఆ నిశ్శబ్దం భరించలేక ఆవిడ ల్యాబ్‌కి పరిగెత్తింది.

"పిల్ల నన్నేమీ అడగట్లేదండీ."

"బుర్ర తినేస్తోందని మీరే కదమ్మా అన్నారు?" అన్నాడు డాక్టర్.

"అన్నాను. తిననివ్వండి. అది తప్ప నాతో మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు?"

ఆయన సర్వర్‌లో కిన్నెర పోగు ఆపేశాడు. "వారంలో మీ దగ్గరికే వస్తుంది, చూడండి."

ఆ సాయంత్రమే కిన్నెర చెవి పట్టుకుని "అమ్మా! అమ్మా!" అని పిలిచింది. ఉషశ్రీ చేతిలో గరిటె పడేసి వచ్చింది.

"ఏంటమ్మా?"

"నిన్ను కాదు."

రెండు రోజులు పిల్ల అన్నం సరిగా తినలేదు. మూడో రోజు చూస్తే, దగ్గు మందు సీసా మూత తీసి చెవిపోగుకి చుక్కచుక్కగా పూస్తోంది. "చెవిలో అమ్మకి ఒంట్లో బాలేదు. గొంతు పోయింది," అంది కళ్ళు తుడుచుకుంటూ. ఉషశ్రీకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో విన్న పిచ్చి మాట! ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ మందు తన కోసం కాదు.

మధ్యాహ్నం కిన్నెర కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఉషశ్రీ చప్పుడు కాకుండా వెనక చేరి, ఆ చెవి దగ్గర నోరు పెట్టి, మిషన్ మాట్లాడినట్టే ఎత్తూపల్లం లేకుండా, "కిన్నెరా, నాకు తగ్గిపోయింది," అంది.

పిల్ల మొహం విప్పారింది. కళ్ళు తెరవకుండానే అడిగింది. "నా నీడకి ఆకలేయదా?"

"వేస్తుంది. నువ్వు తిన్నాక అది తింటుంది."

కిన్నెర కిలకిలా నవ్వింది. "నువ్వు మళ్ళీ వెళ్ళిపోకే. ఇంట్లో అమ్మతో నాకేం తోచదు."

ఉషశ్రీ ఆ చెవికి ఇంకాస్త దగ్గరగా జరిగి, మళ్ళీ అదే మిషన్ గొంతు తెచ్చుకుంది.

"వెళ్ళను," అంది.