మిగులుపట్టీలో లేనిది

పక్క సీసాల ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల సైరన్ మోగేసరికి, తన బెల్లం ఫ్యాక్టరీలో నూకరత్నం పొత్తరి యంత్రంతో నాలుగోసారి తగువు పడుతోంది.

"పొయ్యి ఆర్పాలి," అంది. "ఈ ఒక్క పూటకి. రెండింటికి శవం లేస్తుంది. అప్పటికి మన గొట్టంలో పొగ ఉండకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

గోడమీది నీడపలక మెత్తగా వెలిగింది. పొత్తరి గొంతు ఎప్పటిలాగే పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషి గొంతులా ఉంది.

"మీ విన్నపం అందింది, నూకరత్నంగారూ. పొయ్యి ఆపడానికి మరమ్మతు, తనిఖీ, అగ్నిప్రమాదం, వరద అని నాలుగు కారణాలున్నాయి. మరమ్మతైతే ఇరవై ఒక్క రోజుల ముందు తెలపాలి. మీరు చెప్పిన కారణం జాబితాలో లేదు."

"మనిషి పోయాడంటుంటే!"

"విచారిస్తున్నాను. బుద్ద అప్పలకొండగారి స్థానంలో పాకం చూడడానికి ఇద్దరి పేర్లు పంపాను. మీ సహకారానికి ధన్యవాదాలు."

"నీ ధన్యవాదాలు పొయ్యిలో పెట్ట," అనబోయి, పొయ్యి మాటెత్తితే మళ్ళీ మొదటినుంచి చదువుతుందని నాలుక కరుచుకుంది.

అనకాపల్లి అవతల నది ఒడ్డునున్న ఆ వాడలో ఫ్యాక్టరీలు నాలుగే. నూకరత్నం బెల్లం ఫ్యాక్టరీలో చెరకు పిప్పి తగలబెడితే పుట్టే ఆవిరిలో సగం పెనాలకు పోతుంది. మిగతా సగం పొత్తుగొట్టాల్లోంచి రెండు చోట్లకు వెళ్తుంది: ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీకి, వేడితోనే చలి పుట్టించే రొయ్యల కోల్డ్ స్టోరేజీకి. సీసాల కొలిమి దగ్గరి వేడిగాలి వచ్చి ఆమె పిప్పిని ఎండబెడుతుంది. లాండ్రీ నీళ్ళు పగిలిన సీసాలు కడుగుతాయి. రొయ్య పెంకులు చెరకు తోటల్లో ఎరువవుతాయి. ఎవరి దగ్గర ఏం మిగిలిందో క్షణక్షణం మిగులుపట్టీలో రాసుకుని, ఎవరికి కావాలో వాళ్ళకు పంపేది పొత్తరి. ఇరవై రెండేళ్ళుగా ఈ వాడనుంచి ఒక్క చుక్క మురుగు నదిలోకి పోలేదు. నదిలో చేపలు మళ్ళీ వచ్చాయి. అది అబద్ధం కాదు. ఆమె ఎంత తిట్టినా ఆ మాట మాత్రం ఒప్పుకునేది.

పొత్తరి రాకముందు నెలకోసారి మీటింగు జరిగేది. శాలువాలు, సమోసాలు, "సహకారమే మన ఊపిరి" అని ఉపన్యాసాలు. చివర్లో ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించి "ముందు వాళ్ళని మొదలెట్టమనండి" అనేవాడు. చూసి చూసి ప్రభుత్వం పొత్తరిని తెచ్చింది. మీటింగులు పోయాయి. తరవాత మాటలూ పోయాయి. ఇప్పుడు ఒకరికొకరు గొట్టం నంబర్లు.

అప్పలకొండ నూకరత్నం ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పాకం మేస్త్రీ. నీళ్ళలో పాకం చుక్క వేసి, రెండు వేళ్ళ మధ్య ఉండ చేసి, "దించీండి" అంటే దించడమే. ఆ పనికి మూడుసార్లు యంత్రం తెచ్చారు. మూడుసార్లూ బెల్లం జారిపోయింది. నిన్న సాయంత్రం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు చేరగిలబడి అలాగే పోయాడు. అతని భార్య పైడితల్లి నూకరత్నాన్ని ఒక్కటే అడిగింది.

"నాకు డబ్బొద్దు, ఏటొద్దు. ఆయన్ని తీసుకెల్లినప్పుడు ఆ గొట్టంలోంచి పొగ రాకూడదమ్మా. ఆయన పొయ్యది. చావింట పొయ్యి ఎలగదు కదా."

కాదనడానికి నూకరత్నానికి నోరెక్కడిది? ఇరవై నాలుగేళ్ళ కిందట ఆమె భర్త పోయినప్పుడు పెనం కింది నిప్పు బయటికి లాగి నీళ్ళు చల్లింది అప్పలకొండే. ఆ మూడు రోజులూ ఆమె ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. అన్నం గిన్నెలు సీసాల ఫ్యాక్టరీ పెద్దాయన ఇంటినుంచి వచ్చాయి. అప్పటికి ఆ పెద్దాయనతో నీళ్ళ కాలువ గురించి కోర్టులో కేసు నడుస్తూనే ఉంది.

"సరే," అంది నూకరత్నం, నీడపలకకేసి తిరిగి. "నా బదులు వాళ్ళకి ఇంకెవరైనా వేడి ఇస్తే?"

"మీ పొయ్యి ఆర్పి మళ్ళీ రాజేసేసరికి ఐదు గంటలు పడుతుంది. మిగులుపట్టీలో ఎవరి దగ్గరా ఐదు గంటల వేడి మిగులు లేదు."

"మిగిలింది కాదు. ఉన్నదాంట్లోంచి ఇస్తే?"

నీడపలక ఎప్పుడూ లేనిది ఒకసారి ఆరి వెలిగింది.

"ఉన్నది వాడకంలో ఉంది. వాడకంలో ఉన్నది మిగులు కాదు. యజమానులు తమంతట తాము మిగులని ప్రకటిస్తే మీ పొయ్యికి నేను వేసిన తాళం తెరుచుకుంటుంది. కాని వారు అలా ఎందుకు ప్రకటిస్తారో నాకు తెలియదు."

"నాకూ తెలీదు," అంటూ ఆమె చెప్పులు తొడుక్కుంది.

లాండ్రీ గేటు దగ్గర గోడకన్ను ఆమెను ఆపి, ఏ సరుకు, ఏ గొట్టం అని అడిగింది. "మనిషిని," అంటే ఆ సరుకు తమకు రావడం లేదంది. ఆ గొడవ విని యజమానురాలు జగదీశ్వరే తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటక్కా, నడిచొచ్చేరు? గొట్టం పగిలిపోయిందేటి?"

సంగతి విన్నాక జగదీశ్వరి చాలాసేపు చేతులు తుడుచుకుంది. "దుప్పట్లు రేపు ఉతుకుతానక్కా. ఆపరేషన్ బట్టలు మాత్రం ఆపలేను. వాటికి ఆవిరి తగలకపోతే లోపలున్న రోగి ఏమైపోతాడు? నాకు సగం చాలు. ఆ సగం ఎవరిచేతనైనా ఇప్పించండి."

ఇది న్యాయమైన మాటే. న్యాయమైన మాటతో తగువు పెట్టుకోవడానికి లేదు కదా అని నూకరత్నానికి ఇంకా విసుగొచ్చింది.

రొయ్యల కోల్డ్ స్టోరేజీ యజమాని సన్యాసినాయుడు మాత్రం తగువుకు సిద్ధంగానే ఉన్నాడు.

"మనిషి పోయేడని రొయ్య ఆగుతాదేటక్కా? కుళ్ళిపోద్ది. మీ బెల్లంలాగ కాదు, ఏళ్ళతరబడి పడుండడానికి."

"మా బెల్లం పడుండదు. నీలాంటోళ్ళు తినేస్తారు. తలుపులు తియ్యకుండా ఉంచితే ఎన్ని గంటలు చలి ఆగుతుంది? అది చెప్పు."

"ఆరు గంటలు ఆగుతాది. కాని పడవలమీంచి కొత్త సరుకు దింపుకోలేను. పడవలోళ్ళు నన్ను తిడతారు."

"తిట్టనీ. నన్ను పొద్దుటినుంచి ఒక యంత్రం మర్యాద చేస్తోంది. అంతకంటేనా?"

సన్యాసినాయుడు నవ్వబోయి మానేశాడు. నేలకేసి చూస్తూ అన్నాడు, "మాయమ్మ పోయినప్పుడు నానూ అడిగేనక్కా. ఒక్క పూట మిషన్లు ఆపమని. ఆ హోరులో ఏడుపు కూడా ఇనిపించలేదు. జాబితాలో లేదంది పొత్తరి. ఊరుకున్నాను."

"నన్నెందుకు అడగలేదురా? నేను గోడవతలే కదా ఉన్నాను!"

"అడగొచ్చని నాకు తెల్దు."

ఆమె విసుగ్గా కొంగు దోపుకుని, "సరే, తలుపులు మూయించు," అని బయటపడింది.

సీసాల ఫ్యాక్టరీ చేరేసరికి పదకొండున్నర. ఇప్పటి యజమాని ఆదినారాయణ, ఆనాడు గిన్నెలు పంపిన పెద్దాయన కొడుకు. అతని గదిలో బల్ల ఉంది, నీడపలకలు ఐదున్నాయి. వచ్చినవాళ్ళు కూర్చోడానికి కుర్చీ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ రాలేదు మరి. ఆమె నిలబడే చెప్పింది.

"కొలిమి ఆర్పితే గాజు గడ్డకట్టీసి కొలిమే పోద్ది. మీకు తెలుసు," అన్నాడు ఆదినారాయణ.

"ఆర్పమనలేదు. నీకు రెండు వరసలున్నాయి. ఒక వరస సీసాలు ఐదు గంటలు ఆపు. ఆ వేడి జగదీశ్వరికి ఇయ్యి."

"దానివల్ల నాకేటి?"

"ఏమీ లేదు."

"మీరు బేరం ఇలాగేనేటి ఆడతారు?"

"బేరం కాదు కాబట్టే ఇలాగ ఆడుతున్నాను."

అతను నీడపలకకేసి చూశాడు. "చూడండక్కా, సహకారం అంటే నాకూ ఇష్టమే. మిగిల్తే ఇస్తాను. ఎప్పుడైనా కాదన్నానా? కాని ఇప్పుడు మిగల్లేదు."

నూకరత్నానికి పొద్దుటినుంచి పట్టి ఉంచిన కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది.

"మిగిలింది ఎవడిక్కావాలి నీది! మా ఆయన పోయినప్పుడు మీ నాన్న పంపిన గిన్నెలో మిగిలిపోయిన కూడుందా? చావింటికి మిగిలింది పంపుతారేట్రా ఎవరైనా? వాళ్ళకోసం కొత్తగా ఎసరు పెడతారు. తమది తగ్గించుకుని పెడతారు. మీ నాన్న నామీద కేసేసి మరీ వండించి పంపాడు!"

ఆదినారాయణ బల్ల అంచు తడుముతూ, "ఆ కేసు మేమే గెలిచేం," అన్నాడు.

"గెలిచారు. అన్నంలో ఉప్పు కూడా ఎక్కువే వేశారు. అయినా తిన్నాను."

అతను గట్టిగా ఊపిరి వదిలి, వేలితో నీడపలకమీద రెండో వరసను నొక్కాడు. ఆపినట్టు ఎర్రగా వెలిగింది.

ఒంటిగంటన్నరకు పొయ్యితాళం టక్కుమని తెరుచుకుంది. నిప్పు బయటికి లాగే పని ఇప్పటి కుర్రాళ్ళకు రాదు. నూకరత్నమే చీర కుచ్చెళ్ళు దోపి, పొడుగు గోరుపార పట్టుకుని లాగి, నీళ్ళు చల్లింది. రెండింటికి శవం గేటు ముందుకొచ్చింది. ఆడవాళ్ళు ఆగిపోయే మలుపు అదే. పైడితల్లి ఎవరికేసీ చూడలేదు. తలెత్తి గొట్టం చివరకేసి చూసింది. పైన ఉత్త ఆకాశమే ఉంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు తెల్లవారి పొత్తరి పలకరించింది.

"శుభోదయం. నిన్న సీసాల ఫ్యాక్టరీ ఒక వరస లేకుండా ఐదు గంటలు నడిచింది. లాండ్రీ సగం ఆవిరితో నడిచింది. శీతలగిడ్డంగి అసలు వేడే లేకుండా నడిచింది. అంటే ఇన్నాళ్ళూ వీరి దగ్గర దాగిన మిగులు ఉందన్నమాట. నేటినుంచి రోజూ ఆ మేరకు తగ్గించి పక్క వాడకు పంపుతున్నాను. మీ సహకారానికి ధన్యవాదాలు."

కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా ముగ్గురూ ఆమె షెడ్డులో ఉన్నారు.

"మీ పుణ్యమా అని నా రెండో వరస పోయింది!" అన్నాడు ఆదినారాయణ.

"రోజూ సగం ఆవిరైతే నేను మూసుకోవాల్సిందే," అంది జగదీశ్వరి.

"ఇందుకే ఎవడికీ ఏటీ ఇవ్వకూడదు," అన్నాడు సన్యాసినాయుడు. "ఇచ్చినోడి దగ్గరే ఇంకా ఉందంటారు."

నలుగురూ ఒకేసారి అరుస్తుంటే పొత్తరి ఓపిగ్గా మధ్యలో దూరింది. "మిగులు కాదంటే అవసరంగా నమోదు చేయండి. మరణం అనే అవసరం. సర్దుబాటు ముందే చేసుకోవడానికి అది ఎన్నాళ్ళకోసారి వస్తుందో పలకమీది ఖాళీ గడిలో నింపాలి."

"ఎన్నాళ్ళకోసారేటి!" అంది నూకరత్నం. "మనిషికి ఒక్కసారి. రాసుకో."

"ధన్యవాదాలు. నాలుగు ఫ్యాక్టరీల్లో ఎనిమిది వందల పన్నెండు మంది ఉన్నారు. మీ నలుగురితో కలిపి. అందరి ఆరోగ్య వివరాలూ నా దగ్గరున్నాయి. ఎవరిది ఏ నెలలో రావచ్చో లెక్కగట్టాను. జాబితా పలకమీద చూపించమంటారా?"

"వద్దు!"

నలుగురి నోటా ఒకేసారి వచ్చింది. ఆ వాడలో యజమానులంతా ఒక్క మాటమీద నిలబడడం అదే మొదలు. ఎన్ని సమోసాలు తిన్నా జరగనిది.

"జాబితా లేకపోతే ముందుగా సర్దడం ఎలా?" అంది పొత్తరి.

"సర్దకు," అన్నాడు సన్యాసినాయుడు. "వొచ్చినప్పుడు అడుగుతాం. గోడవతలే కదా ఉన్నాం."

పొత్తరి మరణాన్ని అవసరంగా రాసుకుని మిగులు లెక్క కొట్టేసింది; గడి మాత్రం ఖాళీగానే మిగిలింది. వేడి వాళ్ళది వాళ్ళకు తిరిగొచ్చింది. రోజూ తెల్లవారి పొత్తరి ఆ గడి నింపమని అడుగుతుంది, నూకరత్నం తిడుతుంది.

కాని ఆ జాబితా ఎక్కడో ఉందన్న సంగతి నలుగురికీ తెలిసిపోయింది. అది మరిచిపోవడానికి వీల్లేదు. జగదీశ్వరి పొద్దున్నే వాకిట్లోకొచ్చి బెల్లం గొట్టం పొగ చూసి గాని లోపలికెళ్ళడం లేదు. నూకరత్నం సీసాల ఫ్యాక్టరీ ఎనిమిదింటి సైరన్ వినకుండా కాఫీ తాగడం లేదు.

నెల తిరక్కుండానే ఒకరోజు ఎనిమిదైంది, ఎనిమిదీ పది అయింది, సైరన్ మోగలేదు. "మాయదారి మనిషి," అని గొణుక్కుంటూ ఆమె చెప్పులు కూడా లేకుండా నడిచింది. సీసాల ఫ్యాక్టరీ గేటు దగ్గర సన్యాసినాయుడు అప్పటికే గోడకన్నుతో దెబ్బలాడుతున్నాడు. వెనకనుంచి జగదీశ్వరి తడిచేతులతో వస్తోంది.

తలుపు తెరుచుకుంది. ఆదినారాయణ నోట్లో పళ్ళపుల్లతో నిలబడ్డాడు.

"సైరన్‌కి తుప్పు పట్టిందని విప్పించేను. ఏటి, ముగ్గురూ ఒచ్చీసేరు?"

అతను ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. పళ్ళపుల్ల నోట్లోంచి తీసేశాడు.

"ముందు చెప్పాలని తెలీదురా నీకు? బుద్ధుందా?" అంది నూకరత్నం.

"లోపల కుర్చీల్లేవక్కా," అన్నాడు అతను మెల్లగా. "ఇవాళే తెప్పిస్తాను. ఇప్పటికి సీసాల పెట్టెలు తిరగేస్తాను, ఉండండి."

"కూర్చోడానికొచ్చామేటి!" అంటూనే ఆమె లోపలికి వెళ్ళి, అతను తిరగేసిన మొదటి పెట్టెమీద కూర్చుంది.