గోడ తీసిన కొలత

పాత కొంప కొన్నవాళ్ళకి పనికి కొదవేముంది! ఒహాయోలో ఆ చలికాలమంతా వెర్నాకి మేడ మీది చిన్నగది గోడలకి అంటించిన పాత కాయితం పీకడంతోనే సరిపోయింది. మొగుడు క్లైడ్ లారీ తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతున్నాడు. రోడ్లనిండా మంచు పడి, ఆరేళ్ళ టిల్లీకి బడి లేదు.

"నాన్నొచ్చేసరికి నీ గదికి పసుపు రంగు వేసేద్దామే" అంది వెర్నా.

వేణ్ణీళ్ళలో వెనిగర్ కలిపి గోడ తడపడం, ఉబ్బిన కాయితాన్ని రేకుబద్దతో గీకి లాగడం... అదే పని. గులాబీల కాయితం కింద పడవల కాయితం, దాని కింద చారల కాయితం. ఏనాటిదో మైదా జిగురు నాని చద్దికంపు కొడుతోంది.

"అమ్మా, ఈ గోడ స్నానం చేసి ఎన్నాళ్ళయిందే?" అంది టిల్లీ ముక్కు మూసుకుని. వెర్నా పడీపడీ నవ్వింది.

తలుపు పక్కన ఒక్కచోట మాత్రం ఊడి రాలేదు. మూర వెడల్పున, నేల నుంచి వెర్నా తలకంటే పైదాకా, కట్టు మీద కట్టు కట్టినట్టు పొర మీద పొర అంటించారెవరో. వెర్నాకి పంతం పుట్టింది. "నీ సంగతి తేలుస్తా ఉండు" అంటూ మొత్తం ఊడబీకింది.

కింద పెన్సిలు గీతలు. పిల్లల ఎత్తు కొలిచి గీసేవి, ఏ ఇంట్లో ఉండవు గనక? పక్కన 'నోరా' అని రాసుంది. బాగా పైన, పెద్దవాళ్ళ ఎత్తులో, పిల్లచేతి వంకర రాతలో 'అమ్మ' అని ఇంకో గీత.

"నాక్కూడా గియ్యమ్మా, నాక్కూడా!" టిల్లీ పరిగెత్తుకొచ్చి గోడకి వీపానించి నిలబడింది. వెర్నా పిల్ల తల మీద పుస్తకం పెట్టి, గీత గీసి, పేరు రాసింది.

"చూశావా, నోరాని మించిపోయావు!"

అప్పుడు చదివింది నోరా గీతల పక్కన రాసిన వారాలు. అన్నిటికంటే పైగీత సోమవారం. దాని కింద మంగళవారం. ఇంకా కింద బుధవారం... ఆఖరి గీత నేలని అంటుకుని ఉంది.

ఎవరో వేళాకోళానికి గీసుంటారనుకుని సరిపెట్టుకుంది వెర్నా.

మర్నాడు పొద్దున టిల్లీ ఏడుస్తూ వచ్చింది. "అమ్మా, కుళాయి అందట్లేదే."

నిన్నటిదాకా అందిన కుళాయే. పిల్ల పైజమా కాళ్ళు నేల మీద జీరాడుతున్నాయి. వెర్నా పిల్లని చంకనేసుకుని మేడెక్కింది. తను గీసిన గీతకి బెత్తెడు కింద ఇంకో గీత ఉంది. కొత్తది. పక్కన 'టిల్లీ' అని ఉంది. ఆ రాత తనది కాదు.

తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. రేకుబద్దతో గీకింది.

"అమ్మా! నొప్పి... నొప్పే!" టిల్లీ నెత్తి పట్టుకుని కెవ్వుమంది. వెర్నా చేతిలోంచి బద్ద జారిపోయింది.

పక్కింటి ముసలావిడ హెస్టర్ ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మనిషి. వెర్నా ఆవిడకి ఫోన్ చేసి, ఏడుస్తూనే సంగతంతా చెప్పింది.

"పీకేసి... కొలిచావుటే?" గుసగుసగా అడిగింది హెస్టర్.

"కొలిచాను పెద్దమ్మా."

"అయ్యో ప్రభువా, ఎంత పని చేశావే! ఆ కాయితంతోనే మళ్ళీ మూసెయ్. జిగురు ఆరేదాకా ఊడనివ్వకు."

"మూస్తే నా పిల్ల దక్కుతుందా?"

"నోరా వాళ్ళమ్మా మూసింది. కాకపోతే ఆలస్యమైపోయింది."

వెర్నా మైదా ఉడకేసింది. చేతులు కాలినా చూసుకోలేదు. మంచుబూట్లు తొడుక్కుని, పీకిన కాయితం కుక్కి వాకిట్లో పారేసిన చెత్తసంచి మేడ మీదికి ఈడ్చుకొచ్చి బోర్లించి, నానిన ముక్కలన్నీ ఏరింది. ఒకటంటిస్తే ఒకటి ఊడుతోంది. గోడలోంచి సర్ర్... సర్ర్... పెన్సిలు గీస్తున్న చప్పుడు.

"అమ్మా... కుర్చీ పెద్దదైపోతోందే." వెనకాల టిల్లీ గొంతు సన్నబడుతోంది.

"అయిపోయిందమ్మా, ఇదిగో, అయిపోయింది." వెర్నాకి ఏడుపాగడం లేదు. "నా పిల్లని వదిలెయ్. నీకు దండం పెడతా. కావాలంటే నన్నేం చేసుకుంటావో చేసుకో..."

తడికాయితం జారిపోతోంది. రెండు చేతులూ చాలలేదు. ఇక దారిలేక వెనక్కి తిరిగి, వీపూ తలా గోడకి అదిమిపెట్టి నిలబడింది.

చప్పుడు ఆగింది.

ఎంతసేపు నిలబడిందో, టిల్లీ ఎప్పుడు కుర్చీ దిగి వెళ్ళిందో తెలీదు. జిగురు ఆరుతోంది... అప్పుడు నెత్తి మీద ఏదో ఆనింది. బల్లపరుపుగా. పుస్తకమంత బరువుగా. వెర్నా కదల్లేదు. కదిలితే కాయితం ఊడుతుంది.

చెవి పైన, జుట్టుని రాసుకుంటూ... సర్ర్.

"అమ్మా! కుళాయి అందిందే!" పక్కన స్నానాలగదిలోంచి టిల్లీ కేక.

కాయితం ఇక ఊడదని చూసుకుని వెర్నా గోడ వదిలి పరిగెత్తింది; పిల్ల పైజమా మళ్ళీ మడమలదాకానే ఉందని చూసుకుని, భోరుమంది.

సాయంత్రం క్లైడ్ వచ్చాడు. కూతుర్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. తర్వాత పెళ్ళాన్ని దగ్గరికి తీసుకుని ఆగిపోయాడు. ఎప్పుడూ ఆమె నుదురు అతని గడ్డానికి తగిలేది, ఇవాళ తగల్లేదు.

"ఏవే, వట్టికాళ్ళతో తిరుగుతున్నావా? జబ్బు చేస్తుందే" అన్నాడు నవ్వుతూ.

వెర్నా కిందకి చూసుకుంది. మందపాటి మంచుబూట్లు కాళ్ళకి అలాగే ఉన్నాయి.

పిల్ల తండ్రి చంకలోనే ఉంది. మేడ మీద చిన్నగదిలో ఎవరో తీరిగ్గా పెన్సిలు చెక్కుతున్నారు.