సంజన తరిమిన కొంగలు

సంజన స్టీలు పళ్లెం మీద గరిటెతో ఇంకో దెబ్బ వేసింది.

టంగ్!

ఆ మోతకు గట్టు మీది కప్ప ఒకటి నీళ్లలోకి దూకింది. చుట్టుపక్కల పిట్ట అన్నదే లేదు. అయినా సంజన కొడుతూనే ఉంది. ఉద్యోగం అన్నాక చప్పుడు ఉండాలి కదా!

ఆ ఉద్యోగం ఆమెకు పొద్దున్నే దొరికింది. ఆదివారమని తమ్ముడు రాకేష్‌తో కలిసి కామారెడ్డి నుంచి నాగిరెడ్డిపేటలోని మామ ఇంటికి వచ్చింది. మామ నర్సింహులు మొలకెత్తిన వడ్లను నారుమడిలో అప్పుడే చల్లాడు.

"పిట్టలు మొలకలు ఏరుకొని తింటయి బిడ్డా. అవి తింటే నారు ఉండదు. నారు లేకుంటే నాటు ఉండదు. నేనొచ్చేదాక జర కావలి ఉండు" అన్నాడు.

"నువ్వు పో మామా. ఒక్క పిట్టను గూడ వాలనియ్య!"

పక్క మడిలో ముక్తార్ ట్రాక్టర్‌తో బురద దున్నుతున్నాడు. అంతలో ఎక్కడి నుంచో తెల్లటి కొంగలు దిగాయి. పెళ్లి భోజనానికి ఆలస్యమైనట్టు ట్రాక్టర్ వెనక ఉరుకుతున్నాయి.

సంజన గరిటె బిగించి పట్టుకుంది. ఇంత పెద్ద పిట్టలా! ఇవి ఎన్ని మొలకలు తింటాయో!

"హుష్! హుష్!" అంటూ పళ్లెం వాయిస్తూ ఉరికింది. కొంగలు లేచి ట్రాక్టర్‌కు అవతల దిగాయి. సంజన అటు ఉరికింది. అవి ఇటు దిగాయి.

"ఏం బేటీ, నా ట్రాక్టర్ కన్నా నువ్వే ఫాస్ట్ ఉన్నవ్!" ముక్తార్ నవ్వాడు.

"నవ్వకు ముక్తార్ కాకా! ఇవి మా మొలకలు తింటయి!"

"మరి నా ట్రాక్టర్ ఎంబడి ఎందుకు పడ్డయి?"

జవాబు ఆలోచించే తీరిక సంజనకు లేదు. ఇంకో కొంగ దిగింది.

గట్టు మీద కూర్చొని జామకాయ తింటున్న రాకేష్ అప్పుడు అరిచాడు. "అక్కా, ఎనుకకు చూడు!"

నారుమడి నిండా పావురాలు, పిచ్చుకలు. ఒక్కటీ తల ఎత్తడం లేదు.

సంజన వెనక్కి పరుగు తీసింది. పిట్టలు బుర్రున లేచాయి. మడిలో ఒక మూల మొలకలు లేవు. బురదలో కాళ్ల గుర్తులే మిగిలాయి.

"ముందుగాల ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు పెద్దయే కొడుతున్నవ్ కదా. చిన్నయి ఫ్రీ అనుకున్న."

సంజనకు ఏడుపొచ్చింది. మామకు ఏం చెప్పాలి? పళ్లెం ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చుంది.

అప్పుడే ఒక కొంగ గట్టు మీద వాలింది. సంజన గరిటె ఎత్తి, ఆగింది. కొంగ పక్కనే మొలకలున్నాయి. వాటి వంక కూడా చూడలేదది. మెడ చాచి, కదలకుండా నిలబడి, టక్కున పొడిచింది. ముక్కులో ఒక పురుగు కాళ్లు కొట్టుకుంటోంది. గుటుక్కు!

"రాకేష్, ఇది వడ్లు తింటలేదురా! పురుగులు తింటది. ట్రాక్టర్ మన్ను తిరగేస్తే అవి బయట పడుతున్నయి. అందుకే దాని ఎంబడి పడ్డయి!"

పావురాలు మళ్లీ వచ్చాయి. పళ్లెం వాయిస్తే కొంగ కూడా లేచిపోతుంది. సంజన గట్టు మీద మామ వదిలిపోయిన తువ్వాల తీసుకొని, కొంగకు దూరంగా చుట్టు తిరిగి వెళ్లి, చప్పుడు చేయకుండా ఊపింది. పావురాలు లేచిపోయాయి. కొంగ కదలలేదు.

కాసేపటికి మామ వచ్చాడు.

"మామా, ఆ మూలకు మొలకలు పోయినయి. నేను కొంగల ఎంబడి ఉరికిన" అంది సంజన, తల దించుకొని.

మామ మడి వంక చూశాడు. ఆమె బురద గౌను వంక చూశాడు. "కొంగలేం చేసినయి బిడ్డా?"

"పెద్దగున్నయి కదా!"

మామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "బస్తాల ఇంకిన్ని మొలకలున్నయి తియ్. నువ్వే చల్లుదువు, రా."

ఇద్దరూ ఆ మూలన చల్లుతుంటే, రాకేష్ మట్టిపెళ్ల తీసి కొంగ మీదికి గురి పెట్టాడు. సంజన ఉరికి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఏయ్! తినేటోళ్లను లేపుతరారా?"

రాకేష్ మట్టిపెళ్ల కింద పడేశాడు.

కొంగ థాంక్స్ చెప్పలేదు. దాని నోరు ఖాళీగా లేదు.