మధ్యాహ్నం వెలిగిన దీపం

పట్టపగలు... నడినెత్తిన సూర్యుడు... నడింట్లో గోడకున్న కంపెనీ దీపం దానంతట అదే వెలిగింది!

శాంతమ్మ చేతిలోని చేట జారిపోయింది. కొర్రలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎవరు వెలిగించారు? ఆ తెల్లటి ట్యూబు సన్నగా జుమ్మంటూ తన వైపే చూస్తున్నట్టుంది! అప్పుడే పైన, మిద్దె మీద... ధప్... ధప్... మెల్లగా ఎవరో అడుగులు వేస్తున్న చప్పుడు. మట్టి మిద్దె మీద మగవాళ్ళు నడిస్తే కింద మన్ను రాలుతుంది. ఇప్పుడు రవ్వంత కూడా రాలలేదు. బరువు లేని అడుగులు... పసిపిల్లల అడుగుల్లాంటివి!

తల ఎత్తి గవాక్షి వైపు చూసింది. వెలుతురు కోసం కప్పులో వదిలిన ఆ రంధ్రాన్ని, దీపం తీగ దింపినప్పటి నుంచి చెక్కతో మూసేశారు. ఆ చెక్క సందులోంచి ఒక నీటి చుక్క రాలింది. తర్వాత మరొకటి... వైశాఖ మాసం. కోసిగి దిక్కున ఆరు నెలలుగా మబ్బు తునక లేదు. ఈ నీళ్ళు ఎక్కడివి?

"ఈరీ..." అంది శాంతమ్మ, తనకే వినిపించనంత మెల్లగా.

ఈరమ్మ ఆమె కూతురు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. పోయిన కార్తీకంలో, దీపాల వేళ, గూట్లో ఉన్న కిరసనాయిలు బుడ్డిని అందుకోబోయింది. పావడకు మంట అంటుకుంది. ఆ సమయానికి శాంతమ్మ ఆదోనిలో ఉంది. ఇంట్లో ఉన్నది అత్త దేవక్క ఒక్కతే. తల్లి వచ్చేసరికి బిడ్డ "నీళ్ళు... నీళ్ళు..." అని అడుగుతూనే ఉంది. కాలిన వాళ్ళకు నీళ్ళు తగలకూడదని దేవక్క చుక్క కూడా ఇవ్వనివ్వలేదు. తెల్లవారకముందే ఆ గొంతు ఆగిపోయింది...

"నీళ్ళడిగితే ఇయ్యలేదే నువ్వు! నా బిడ్డ దాహంతో పోయెనే!" శాంతమ్మ అత్తతో అన్న ఆఖరి మాట అదే. ఆ రోజు నుంచి ఆమెను అత్తా అని పిలవలేదు. దేవక్క కూడా ఏమీ అనకుండా తన చాప, తన కుండ తీసుకుని వెనక కొట్టంలోకి మారిపోయింది. ఆ ఇంట్లో బుడ్డి వెలిగించడం కూడా ఆగిపోయింది. పొద్దు వాలకముందే తినడం, చీకట్లో గోడకు ఆనుకుని కూర్చోవడం... ఆరు నెలలు అలాగే గడిచాయి!

ఊరికి కరెంటు రాలేదు. అందుకే ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసే శాంతమ్మ భర్త రంగప్ప, ఎండతో వెలిగే దీపాల కంపెనీ ఒకటి పల్లెల్లో తిరుగుతోందని వినగానే వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. కంపెనీ మనిషి పౌలు మిద్దె మీద, గవాక్షి పక్కనే, అద్దం లాంటి నల్ల పలక బిగించాడు. నడింట్లో చెక్కపెట్టెలో బ్యాటరీ పెట్టాడు.

"పగలంతా ఎండను ఈ పలక పట్టుకుంటాది, ఈ పెట్టె దాచిపెట్టుకుంటాది. స్విచ్చి వేసే ఉంచండి, చీకటి పడితే దీపం తనంతట తనే వెలుగుతాది. మంటుండదు, పొగుండదు. పలక మాత్రం జాగ్రత్తమ్మా, పగిలిందంటే దీపం లేదు," అని చెప్పాడు. "ఒక నెల చూడండి. మంచిదంటే ఉంచుకోండి, కాదంటే నేనే విప్పుకోని పోతా."

ఊళ్ళో ముప్పై ఇళ్ళ వాళ్ళు రంగప్ప ఏమంటాడోనని చూస్తున్నారు. రంగప్ప మాత్రం భార్యను చూశాడు. ఐదో తరగతి చదివిన మనిషి కదా! ఒక నోటుపుస్తకం చేతికిచ్చి, "దీపం ఎప్పుడెలిగింది, ఎప్పుడారింది, రాసి పెట్టు. ఇది గూడా కుదరలేదంటే ఈ ఇల్లు మనకొద్దు శాంతా. అమ్మను సి.బెళగల్‌లో తమ్మునింటికి తోలిస్తా. మనం ఆదోనిలో మిల్లు కాడ ఉందాం. ఈ చీకట్లో నిన్ను సూడలేకపోతాండా," అన్నాడు. సోమవారం బస్సెక్కితే మళ్ళీ శనివారం రాత్రికే అతను రావడం; ఆదివారం పగలంతా ఊళ్ళో పనుల మీదే తిరిగేవాడు.

ఇల్లు వదలడమా! బిడ్డ పుట్టింది ఈ ఇంట్లో... పోయింది ఈ ఇంట్లో... ఈ గోడలను వదిలి ఎక్కడికి పోవాలి?

ఇప్పుడేమో, పట్టపగలు దీపం వెలుగుతోంది.

మరునాడూ వెలిగింది. ఆ మరునాడూ వెలిగింది! సరిగ్గా నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళకు అవే అడుగులు, అవే చుక్కలు, అదే దీపం. రెండు గంటల సేపు వెలిగి ఉన్నట్టుండి ఆరిపోయేది. నాలుగో రోజు పక్కింటి మారెమ్మ పొయ్యిలో నిప్పు కోసం వచ్చి గడపలోనే నిలబడిపోయింది.

"ఏమ్మే శాంతమ్మా! పట్టపగలు దీపమేసుకోని కూసున్నావు! సూర్యునికి దోవ సూపిస్తాండావా ఏంది?" అని నవ్వింది.

"నేను వెయ్యలేదు మారెమ్మా. అదే వెలుగుతాది, దినామూ ఈ యాలకే."

మారెమ్మ నవ్వు ఆగిపోయింది. నేల మీద తడిసిన చోటును చూసింది. "నీళ్ళు... నీళ్ళడుక్కుంటా పోయిన పిల్ల గదమ్మా..." అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిప్పు సంగతి మరచి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ మాట శాంతమ్మను భయపెట్టలేదు... ఎండిన నేల మీద నీళ్ళు పోసినట్టు లోపలికి ఇంకింది! మరునాటి నుంచి ఆమె మధ్యాహ్నానికి ముందే తల దువ్వుకుని, గవాక్షి కింద కొత్త చెంబుతో నీళ్ళు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. దీపం వెలగగానే, "వచ్చినావా తల్లీ?" అనేది. ఊరి కబుర్లు చెప్పేది. ఈనిన మేక సంగతి చెప్పేది. మధ్యలో ట్యూబు ఒక్కసారి రెపరెపలాడితే బిడ్డ నవ్విందనుకుని తనూ నవ్వేది. ఆరు నెలల తర్వాత ఆ ముఖంలో నవ్వు... చూసిన వాళ్ళు ఉంటే భయపడే నవ్వు!

నోటుపుస్తకంలో మాత్రం మధ్యాహ్నాల సంగతి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే కంపెనీ వాళ్ళు వస్తారు. బాగుచేస్తారు. బాగుచేస్తే బిడ్డ రాదు.

కానీ రాత్రుల సంగతి దాగలేదు. మొదటి వారం పది దాకా వెలిగిన దీపం రెండో వారానికి ఎనిమిదికే ఎర్రబారింది. మూడో వారంలో అన్నం కలుపుతుండగానే ఆరిపోయింది. శనివారం వచ్చిన రంగప్ప ఆ చీకట్లో చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

"మోసం జేసినారు! ఊరంతా నా మాట ఇని పెట్టించుకోని ఉంటే ఏం గాను? మంగళారం ఆ పౌలును పిల్చుకొస్తా. విప్పి పారేయిస్తా. నువ్వు మూటలు గట్టుకో."

వెనక కొట్టంలో దేవక్క దగ్గు ఒక్కసారి వినిపించి ఆగిపోయింది.

మంగళవారం పదకొండు గంటలకు రంగప్పతో కలిసి పౌలు వచ్చాడు. బ్యాటరీ మూతలు తీసి, గాజుగొట్టం ముంచి నీళ్ళు పీల్చి చూశాడు. తల గోక్కున్నాడు.

"అన్నా, పెట్టె మంచిదే. నీళ్ళు గూడా తగ్గలే. కడుపు మాత్రం ఖాళీ! పగలు తిండి అందడంల్యా దీనికి. హాలహర్విలో ఇదే పలక పెట్టినా, ఇట్ల కాలేదే!"

"యాడ పెట్టినావో నాకెందుకప్పా! మా ఇంట్లో ఎలగల్యా. విప్పు!" అన్నాడు రంగప్ప.

పౌలు నోటుపుస్తకం తిరగేశాడు. "అమ్మా, అన్నీ రాసినావా? దాచిపెట్టింది ఏమన్నా ఉందా?"

శాంతమ్మ తల వంచుకుంది. నీడ గడపలోకి ముడుచుకుంటోంది. వేళయింది. ఆమె చూపు తనకు తెలియకుండానే కప్పు వైపు లేచింది... ధప్... ధప్... ఒక చుక్క చెంబులో పడింది. దీపం వెలిగింది!

రంగప్ప "అమ్మా!" అని అరిచి గోడకు కరుచుకున్నాడు.

"భయపడొద్దు. మన ఈరమ్మే," అంది శాంతమ్మ ప్రశాంతంగా. "దినామూ వస్తాది. నేను రాయలేదు. పుస్తకంలో రాస్తే మీరు రానియ్యరు గదా! దీపం విప్పొద్దు... నీ కాళ్ళు పట్టుకుంటా... నా బిడ్డకు ఈ ఇంటికి రావడానికి ఇంకో దోవ ల్యాదు!"

రంగప్ప కూలబడి ఏడ్చాడు. పౌలు మాత్రం దీపాన్ని, చెంబులోని నీళ్ళను, కప్పును మార్చి మార్చి చూశాడు. అతని గొంతు మెత్తబడింది.

"అమ్మా... పలక మీద నీడ పడితే చీకటైందనుకొని దీపం వెలుగుతాది. పైన ఎవరో ఉండారు."

ముగ్గురూ వెనక కొట్టం పక్కనున్న నిచ్చెన ఎక్కారు.

మిద్దె పెనంలా మండుతోంది. పలక ముందు గొంతుక్కూర్చుని ఉంది దేవక్క! పక్కన చిన్న కడవ. పలక నిండా తడిపిన పాత చీర పరిచి, పసిబిడ్డ ఒళ్ళు ఒత్తినట్టు అరచేత్తో మెల్లగా ఒత్తుతోంది. ఎముకలు తప్ప బరువు లేని మనిషి... చెప్పులు లేని పాదాల నిండా బొబ్బలు, వాటి మీద పాత బొబ్బల మచ్చలు...

"అమ్మా! ఏం జేస్తాండావు?" అన్నాడు రంగప్ప.

దొంగతనంలో పట్టుబడినట్టు ఆమె ముడుచుకుపోయింది. "పొద్దు నెత్తికెక్కితే సెయ్యి పెట్టనీదు నాయనా, అట్ల కాలిపోతాంటాది. పగిలితే దీపం ల్యాదని ఈయప్పే సెప్పె. ఎండాకాలం కుండకు తడిగుడ్డ సుట్టమా? అట్లనే... ఇది పగిలిపోతే మల్లా ఇంట్లోకి బుడ్డి వస్తాది. నా కోడలు ఆ బుడ్డి మంటను సూసి తట్టుకోలేదప్పా! నేను సెప్తే ఇనుకోదని, ఎవురికీ సెప్పకుండా..."

పౌలు తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "తప్పు నాదవ్వా. జాగ్రత్త అన్నా గానీ, కప్పొద్దని సెప్పలే. కప్పితే దాని కండ్లు మూసినట్లు."

దేవక్కకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. తన చేతులను తనే చూసుకుంది. "అయితే... దీన్ని గూడా నేనే ఆర్పితినా?" అంది. "ఆ పొద్దు నీళ్ళియ్యకుంటే బతుకుతాదని అనుకొంటి... మా అమ్మ అట్ల సెప్పె... ఈ పొద్దు నీళ్ళు పోస్తే బతుకుతాదని పోస్తి. నా సేతులకు ఏం తెలీదు శాంతమ్మా! ఏం తెలీదు..."

శాంతమ్మ కదల్లేదు. ఆరు నెలల కిందట ఒకసారి, ఇప్పుడు మళ్ళీ ఒకసారి... బిడ్డ రెండోసారి పోయింది! అడుగులు ఈ ముసలి పాదాలవి. చుక్కలు ఈ పాత చీరవి. తను ఇన్నాళ్ళూ కబుర్లు చెప్పింది ఒక తడిగుడ్డకు... నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె చూపు ఆ బొబ్బల మీద ఆగిపోయింది. మూడు వారాలు! మోకాళ్ళు సరిగా వంగని మనిషి నిచ్చెన ఎక్కి, కడవ మోసి, నిప్పుల మీద కూర్చుంది. ఎవరికోసం? ఆరు నెలలుగా తన ముఖం చూడని కోడలి కోసం!

పౌలు గుడ్డ తీసి పక్కన పెట్టాడు. "ఎండ బాగుంది. రెండు మూడు దినాల్లో పెట్టె నిండుతాది. అయినా మీ ఇష్టం. విప్పమంటే ఇప్పుడే విప్పుతా. ఏం రాసుకోమంటావమ్మా?"

రంగప్ప భార్య వైపు చూశాడు.

"రాద్దువులే అన్నా. ముందొక పనుంది," అంది శాంతమ్మ. దేవక్క ముందు కూర్చుంది. ఆరు నెలలుగా పిలవని పిలుపు పిలిచింది. "అత్తా... ఒక్క తూరి మల్లా కప్పు. నేను కిందికి పోతా. సాలంటే తీసెయ్."

దేవక్క భయంగా పౌలును చూసింది. "ఒక్క తూరికి ఏం గాదులే అవ్వా," అన్నాడతను, కళ్ళు పక్కకు తిప్పుకుని.

శాంతమ్మ ఒక్కతే దిగింది. నడింట్లో నిలబడింది. పైన తడిగుడ్డ పరుస్తున్న చప్పుడు... దీపం వెలిగింది. అది ఏమిటో తెలిసినా ఒళ్ళు జలదరించింది. తెలిసినా... ఆ తెల్లటి వెలుగులో గది అంతా ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టే ఉంది!

"ఈరీ... నువ్వు రాలేదంట తల్లీ. గుడ్డంట... అయినా సెప్తా విను. ఆ పొద్దు నేను ముందు బస్సుకే రావల్ల. ఆదోని బజార్లో నీకు గాజులు సూసుకుంటా నిలబడిపోయినా. బస్సు పోయింది. ఈ మాట ఎవురికీ సెప్పలే. మీ అవ్వ మీద తోసేసి దాచుకున్నా... మీ అవ్వ తప్పు ల్యాదు. నా తప్పూ ల్యాదేమో, తెలీదు నాకు... ఇంక నువ్వు ఎండలో రావద్దు. నీళ్ళ కోసం రావద్దు. పో తల్లీ... సల్లగా పో..."

దీపం జుమ్మంటూనే ఉంది. ఆమె దాన్ని కళ్ళారా చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, తల ఎత్తి, గట్టిగా పిలిచింది.

"సాలు! తీసెయ్ అత్తా!"

దీపం ఆరిపోయింది.

శాంతమ్మ ఇంటి వెనక నిచ్చెన దగ్గరికి నడిచింది. పౌలు, రంగప్ప అప్పటికే దిగి నిలబడి ఉన్నారు.

"రాసుకో అన్నా. దీపం మంచిదే. మేం యాడికీ పోము, మా అత్త గూడా యాడికీ పోదు. కొట్టంలో చీకటిగా ఉంటాది, ఆమె సాప నడింట్లో ఏస్తా," అంది.

పైన నిచ్చెన కొసన ఒక బొబ్బలెక్కిన పాదం మెట్టు కోసం తడుముకుంటోంది. శాంతమ్మ పోయి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.

"నిదానంగా దిగు అత్తా... కింద నేనుండా."