అమావాస్య నాటి మంచు

అప్పలనర్సమ్మ కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, మడత కాగితం తీసి, డిటెక్టివ్ ఆనందకుమార్ బల్ల మీద పెట్టింది. కాగితంలో ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత. అడుగున రెండూ దాదాపు కలిశాయి. మూలన రేపటి తేదీ.

"ఇలాటిదే మొన్నొకటి మా గుమ్మంలో దొరికింది బాబూ. దాని మీదున్న తేదీకి మా సెరుకుతోట మీద మంచు దిగింది. ఊళ్లో లేదు, మా తోట మీదే. మంచులోంచి 'పోతురాజూ, ఇటు రా' అని ఎవరో మా ఆయన్ని పిలిచేరు. యెల్లేడు. బావిలో తేలేడు."

"ఎవరి గొంతు?"

"ఆయనదే బాబూ. పిలుపు ఇన్నప్పుడు ఆయన నా పక్కనే ఉన్నాడు."

రాసుకుంటున్న అసిస్టెంటు పావని పెన్ను ఆపింది.

సాయంత్రానికి ఎస్. రాయవరం దాటి తోటకు చేరారు. పక్కనే బెల్లం వండే పాక. మరిది త్రినాధరావు ఎదురొచ్చాడు. ముప్పయ్యేళ్లు బయట ఊళ్లలో వాతావరణ బెలూన్లు ఎగరేసి, ఈ మధ్యే రిటైరై వచ్చాడు.

"ఎర్రది గాలి వేడి, నీలం తేమ లెక్క. రెండూ కలిస్తే మంచు పడుతుంది. అంతేగానీ కాగితం మంచు తేలేదండీ," అని నవ్వాడు. "పాక తాళాలు నా దగ్గరొకటి, బెల్లం వండే దేముడి దగ్గరొకటి. ఇలాటి గీతలు నా పక్కన కూర్చొని చూసేడు వాడు."

"సూసేను గానీ నాకేటి తెలుత్తాది?" అన్నాడు పక్కనే ఉన్న దేముడు.

పాకలో బెల్లం పెనం లోపల తెల్లటి పొర ఉంది. ఆనందకుమార్ గోటితో గీకాడు. దేముడు ముఖం చిట్లించాడు. "ఇది ఉప్పు తెట్టు బాబూ. రసం కాసే పెనంలో బావినీళ్లు ఎవుడు మరిగించేడు?"

మర్నాడు ఉదయం ఆరున్నరకు మంచు దిగింది. చెరుకుపిప్పి కాలిన వాసన. తోటలోని ఇంటి వాకిట్లో పావనికి తన చెయ్యే కనిపించలేదు.

"నర్సమ్మా, ఇటు రా."

మొగుడి గొంతు విని అప్పలనర్సమ్మ అడుగు వేసింది. పావని రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుంది. మూడుసార్లు పిలిచి గొంతు ఆగింది.

ఎనిమిదింటికి మంచు విడిపోయింది. ఆనందకుమార్ అందరినీ పాకలోకి రమ్మన్నాడు. పక్కన అతను పిలిపించిన కానిస్టేబుల్. పెనంలో నీళ్లు ఇంకా మరుగుతున్నాయి.

"చూశారా, దేముడి పనే!" అన్నాడు త్రినాధరావు.

"ఈ రోజు పొయ్యి ముట్టించావా దేముడూ?"

"అమాస కద బాబూ! ఈ సుట్టుపక్కల అమాసనాడు బెల్లం పొయ్యి ఎవుడు ముట్టిత్తాడు?"

"తేదీ చూడగానే నాకూ అదే అనిపించింది," అన్నాడు ఆనందకుమార్. "బెల్లం వండేవాడు ఈ రోజును ఎంచుకోడు. ఎంచుకున్నవాడు గీతలు చూశాడు, పంచాంగం చూడలేదు. గాలిలో తక్కువైన తేమను పెనం ఆవిరి పూరించింది. పిప్పి పొగ పట్టుకుని ఆవిరి చుక్కలైంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంది. మంచు ఎక్కడికీ పోలేదు. అన్నదమ్ముల గొంతులు దూరానికి ఒకటే. ఆ గొంతు విన్న మనిషి ఈమె ఒక్కతే గనక రెండో కాగితం ఈమెకు వచ్చింది. ఇందాక మీరు గట్టు లేని ఆ బావి అవతల నిలబడి పిలుస్తుంటే, మంచు దిగకముందు నుంచీ మీ వెంటే ఉన్న నేను మీ వెనక నాలుగడుగుల్లో ఉన్నాను త్రినాధరావుగారూ."

త్రినాధరావు పొయ్యి గట్టు మీద కూర్చుండిపోయాడు.

"మంచు తెస్తానంటే అన్న పదిమందిలో నవ్వేడు. మబ్బుల మేస్త్రీ అన్నాడు. ఒక్కడూ నమ్మలేదు వదినా."

అప్పలనర్సమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"నేనంటే పోల్సుకోలేదు. తోడబుట్టినోడు పోల్సుకోడా? నీ గొంతని ఎరిగే యెల్లేడు. మంచులో నువ్వు దారి తప్పేవనుకున్నాడు."

కానిస్టేబుల్ లెమ్మన్నాడు. త్రినాధరావు లేచి, బావి వైపు చూడకుండా నడిచాడు.