నూరు దాటని కారు

2008 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం, కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్ వెళ్ళే రోడ్డు మీద, ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ మనిషి ఒకడు బ్రేకు తొక్కుతూ తొక్కుతూనే చచ్చిపోయాడు. టైర్ల మరకలు రెండు వందల మీటర్లున్నాయి. అంతసేపు బ్రేకు పట్టిన కారు ఏదైనా ఆగాలి. ఇది మాత్రం కల్వర్టును గుద్దే క్షణానికి ఇంకా వేగం పుంజుకుంటూనే ఉంది. కాగితాల్లో డ్రైవర్ నిర్లక్ష్యం అని రాశారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కనుక ఆ మాట రాయడం ఎప్పుడూ సులువే.

బుధవారం గద్వాలలో ఒక చీరల దుకాణం మేడ మీద ఉమారాణి ఫోన్ మోగింది.

ఉమారాణికి నలభై రెండేళ్ళు. ఇంటెలిజెన్స్‌లో పదకొండేళ్ళ సర్వీసు. మూడు వారాలుగా హైదరాబాద్ నుంచి వచ్చిన చీరల వ్యాపారి వేషంలో ఉంది. వేషం ఎంత బాగా కుదిరిందంటే, నేతవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు బేరం చేయడం రాని అమాయకురాలని ఆమె మీద జాలిపడి మజ్జిగ కూడా ఇస్తున్నారు.

"అంచు తెగిందని విన్నావుగా," అన్నాడు చీఫ్ దేవరాజు. అంచు అంటే చనిపోయినవాడు. "చీర మాత్రం నలగకూడదు. శనివారం మూడు గంటలకు హైదరాబాద్‌లో ఉండాలి."

చీర పేరు సుధాకర్. ముప్పై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండు వీధుల అవతల ఒక మగ్గం ఇంట్లో దాక్కుని, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

అతని కథ చిన్నదే. ఒకప్పుడు బండికి బలం పెంచాలంటే ఇంజన్ విప్పి, అరగదీసి, స్క్రూ తిప్పేవారు. కొత్త కార్లలో ఎంత డీజిల్ పోయాలో, ఎప్పుడు పోయాలో ఒక చిన్న కంప్యూటర్ చెబుతుంది. లాప్‌టాప్ తగిలించి ఆ లెక్కను తిరగరాస్తే చాలు, చేతికి మసి అంటకుండా బలం పెరుగుతుంది. దాన్ని రీమ్యాపింగ్ అంటారు. బ్లూమ్యాప్ అనే విదేశీ ముఠా ఆ పని చేసే షాపులు తెరిచింది. తమకు అడ్డొచ్చేవాళ్ళ కార్లలో, పికప్‌తో పాటు ఇంకో ప్రోగ్రాం ముక్క కూడా దాచిపెట్టింది. వేగం నూరు తాకిందా, ఇంజన్ పూర్తి డీజిల్ తాగడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత పెడల్ మాట వినదు, తాళం మాట వినదు. ఆ ముక్క రాసింది సుధాకరే. ఏదో టెస్టింగ్ కోసమని చెప్పి రాయించుకున్నారు. కల్వర్టు వార్త పేపర్లో చదివాక తానే వచ్చి లొంగిపోయాడు.

చనిపోయినవాడి కారుకు పికప్ పెంచమని సంతకం చేసింది ఉమారాణి. అందుకే ఆమెకు రెండు రోజులుగా కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని ఉంది. ఇంకొక మనిషిని అదే దారిన పంపేస్తే, ఈ ఉద్యోగంలోనే కాదు, తన కొంపలో కూడా తాను స్థిమితంగా ఉండలేదు.

శనివారం ప్రయాణానికి డిపార్ట్‌మెంట్ బుధవారం సాయంత్రమే రెండు తెల్ల కార్లు పంపింది. వాటితో టెక్నికల్ అడ్వైజర్ జితేందర్ కూడా వచ్చాడు. ఆరడుగుల మనిషి, నల్లకళ్ళద్దాలు. అతను వెళ్ళిన అయిదు నిమిషాల తర్వాత కూడా మెట్ల మీద సెంటు వాసన ఉంటుంది. గద్వాలలో సగం మంది అతన్ని సినిమావాడనుకున్నారు. లాప్‌టాప్ తగిలించి, తెర మీద వరసగా పచ్చ టిక్కులు చూపించి, రెండు కార్లూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయన్నాడు. ప్రయాణం మాత్రం రెండో కారులో చేయమన్నాడు, సస్పెన్షన్ బాగుందట.

కల్వర్టును గుద్దిన కారుకు కూడా పచ్చ టిక్కులు పెట్టింది ఇతనే. ఆ సంగతి ఉమారాణి చీఫ్‌కు గుర్తు చేస్తే, అనుమానం సాక్ష్యం కాదు, ఏదైనా చేతికి దొరికేది పట్టుకురమ్మన్నాడు.

గురువారం ఉదయం చీరల డెలివరీ అని చెప్పి ఆమె ఒక కారు, డ్రైవర్ నిరంజన్ ఒక కారు తీసుకుని వనపర్తి వెళ్ళారు. అక్కడ బోర్డు లేని షెడ్డులో కురుమూర్తి ఉన్నాడు. అరవై దాటాయి. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి. డిపార్ట్‌మెంట్ అతనికి పంపిన కోడ్ వాక్యం "బండికి పికప్ లేదు". మెకానిక్ షెడ్డుకు వచ్చే ప్రతివాడూ ఆ మాటే అంటాడన్న ఆలోచన పైవాళ్ళకు రాలేదు. ఉమారాణి ఆ మాట చెప్పేసరికి కురుమూర్తి నీరసంగా చూశాడు. పొద్దటి నుంచి నలుగురిని లోపలికి పిలిచి రహస్యంగా కూర్చోబెట్టాడట. నలుగురివీ ట్రాక్టర్లే.

ఆమె విషయం చెప్పింది. అతను బానెట్ ఎత్తి కాసేపు చూశాడు.

"మొత్తం ప్లాస్టిక్ మూతనే ఉన్నది బిడ్డా. తిప్పుదామంటే స్క్రూ లేదు. లాప్‌టాప్ ఏమంటున్నది?"

"అంతా మంచిగనే ఉందంటున్నది కాకా."

"అనదా మరి? దొంగతనం అయిందా అని దొంగనే అడిగితిరి."

ముందు రెండు కార్ల గాలి ఫిల్టర్లూ తీసి చూశాడు. రెండూ శుభ్రంగానే ఉన్నాయి, అంటే పొగ నల్లగా వస్తే తప్పు గాలిది కాదు. తర్వాత తెల్లగుడ్డ ఒకటి చింపి రెండు ముక్కలు చేసి, ఒక్కొక్కటి పొగగొట్టానికి కట్టి, నిరంజన్‌ను రేస్ ఇవ్వమన్నాడు. మొదటి కారు గుడ్డ బూడిద రంగుకు తిరిగింది. రెండో కారుది అట్లపెనం అడుగులా నల్లబడింది. ఎవరూ అడగకుండానే ఈ ఇంజన్‌కు ఎవరో ఎక్కువ డీజిల్ పోస్తున్నారన్నమాట. ఆపైన పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నిరంజన్ పెడల్ తొక్కి వదిలాడు. మళ్ళీ తొక్కి వదిలాడు.

"మొదటిది కాలు తీస్తనే దిగుతుంది. ఇది అర శ్వాస ఆగి దిగుతుంది," అన్నాడు కురుమూర్తి. "ఎవల్నో అడిగి దిగుతున్నట్టుంది."

ఉమారాణి అక్కడి నుంచే ఫోన్ చేసింది. చీఫ్ లెక్కలు వేశాడు. కారు మారిస్తే జితేందర్‌కు తెలిసిపోతుంది, ముఠా ఇంకో దారి వెతుక్కుంటుంది, అతని వెనకున్న పేర్లు ఎప్పటికీ దొరకవు. అతనంతట అతనే వచ్చి సుధాకర్ మీద చెయ్యి వేయాలి.

"అదే కారు," అన్నాడు చివరికి. "కానీ నూరు దాటకూడదు."

చెప్పడం తేలికే. నెమ్మదిగా నడపమని నిరంజన్‌కు చెప్పవచ్చు. వెనక నుంచి ఎవరైనా తరిమితే భయపడ్డ కాలు ఆర్డర్లు వినదు. ఆమె షెడ్డులో అటూ ఇటూ తిరుగుతుంటే కురుమూర్తికి తల తిరిగినట్టుంది, కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. అతనే నోరు విప్పాడు. ఈ చుట్టుపక్కల ట్రాక్టర్ల ఆసాములు జీతగాళ్ళు డీజిల్ తగలబెట్టకుండా ఎక్స్‌లేటర్ కింద చెక్క కొట్టిస్తారు. అమరచింత నుంచి పెబ్బేరు దాకా ఆ చెక్కలన్నీ తన చేతివేనట.

"ఈ పెడల్‌కు తీగ లేదు కాకా. అంతా ఎలక్ట్రానిక్."

"కాలు ఎలక్ట్రానిక్ కాదు గద."

తుమ్మచెక్క ఒకటి తెచ్చి, పెడల్ కింద మ్యాట్ లేపి, రెండు మరలతో బిగించాడు. కొత్తకోట రోడ్డు మీద నడిపితే డెబ్బై దగ్గర ఆగిపోయింది. మరీ ఎద్దుబండిలా పోతే జితేందర్ అనుమానిస్తాడు. ఆ చెక్క ఊడదీసి, కొంచెం పలచని ముక్క చెక్కాడు. ఎనభై రెండు.

"సాపు రోడ్డు మీద ఎనభై రెండు దాటదు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "వాలు మీద నా జిమ్మేదారి కాదు బిడ్డా."

శుక్రవారమంతా ఉమారాణి మడతపెట్టిన చీరలే విప్పి మళ్ళీ మడతపెట్టింది. టీ మూడుసార్లు పెట్టుకుని మూడుసార్లూ చల్లార్చింది. సాయంత్రం జితేందర్ ఆఖరి చెకింగ్ అంటూ వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మెరిసే బూటు పెడల్‌కు జానెడు దూరంలో ఉంది. ఆమె కిటికీ పక్కన నిలబడి వాతావరణం గురించి మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు. అతను లాప్‌టాప్ తగిలించాడు, పచ్చ టిక్కులు వచ్చాయి, దిగిపోయాడు. తెర చూసేవాడు కాళ్ళ దగ్గర చూడడు.

శనివారం తొమ్మిదింటికి సుధాకర్ నేతవాడి వేషంలో, నెత్తిన చీరల మూటతో వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. నిరంజన్ స్టీరింగ్ దగ్గర, ఉమారాణి పక్కన. దారి చూసి పెడతానని జితేందర్ తన కారులో ముందే వెళ్ళాడు.

ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే ఎక్కేదాకా ఏమీ లేదు. ఎక్కిన రెండు నిమిషాలకు అద్దంలో లారీ కనబడింది. ఖాళీ లారీ. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా వస్తోంది. అదే సమయానికి ఫోన్ మోగింది.

"మేడం, మీ వెనక లారీ వాళ్ళదే," జితేందర్ గొంతులో ఆదుర్దా చక్కగా అమరింది. "స్పీడ్ పెంచండి. బ్రిడ్జి దాటితే నేనున్నాను."

ముందున్నవాడికి వెనక లారీ ఎలా కనబడిందని ఆమె అడగలేదు.

నిరంజన్ పెడల్ చివరిదాకా తొక్కాడు. ఎనభై రెండు. లారీ ముందు భాగం వెనక అద్దం నిండా వచ్చేసింది.

"మేడం, పెడల్ పోతలేదు. కింద ఆ చెక్క ఆపుతున్నది."

తెలుసంది ఆమె. అంతలో కృష్ణా నది వైపు వాలు మొదలైంది. ముల్లు ఎనభై ఎనిమిది చూపించింది. తొంభై మూడు. కింద బీచుపల్లి వంతెన, దానికి ముందు రోడ్డు పనుల కోసం పోసిన ఇసుక కుప్పలు, మలుపు. సుధాకర్ ముందుకు వంగి ముల్లునే చూస్తున్నాడు. తాను రాసిన అంకె కదా. తొంభై ఆరు.

"కాలు తియ్ నిరంజన్. మూడో గేరుకు దించు."

"లారీ గుద్దుతది మేడం."

"గుద్దనీ. గుద్దితే డిక్కీ పోతది. నూరు దాటితే మనం పోతం."

అతని కాలు లేవలేదు. భయంతో చెక్క మీద ఇంకా గట్టిగా అదుముతున్నాడు. తొంభై ఎనిమిది. ఉమారాణి వంగి అతని మోకాలు రెండు చేతులా పట్టి పైకి లాగింది. లారీ బంపర్ తగిలింది, కారు ముందుకు ఉలిక్కిపడింది, ముల్లు తొంభై తొమ్మిది మీద వణికింది. సుధాకర్ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు నిరంజన్ క్లచ్ తొక్కి గేరు దించాడు. ఇంజన్ గట్టిగా అరిచింది. ఎనభై నాలుగు. డెబ్బై.

రాకెట్‌లా ఎగిరిపోవలసిన కారు కళ్ళ ముందే నెమ్మదిస్తుందని లారీవాడికి ఎవరూ చెప్పలేదు. పక్కకు తిప్పి ఇసుక కుప్పలోకి ఇరుసు దాకా దిగబడ్డాడు.

కారు వంతెన మీద నలభైలో వెళ్ళింది. పెళ్ళివారి బండిలా.

అవతలి ఒడ్డున జితేందర్ రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ప్రమాదం జరిగాక మొదట పరిగెత్తుకొచ్చే ఆప్తుడిగా ఉండాలని చేతిలో ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా ఉంది. నెమ్మదిగా వచ్చి ఆగిన కారును చూసి కళ్ళద్దాలు తీశాడు. అయినా తేరుకున్నాడు. వెనక తలుపు తీసి, సుధాకర్ రెక్క పట్టుకుని, ఈ కారు సేఫ్ కాదు, నా కారెక్కు అన్నాడు. ఇంకో చేతిలో డబ్బా కింద పిస్టల్ ఉంది.

ఆ రోజు పెబ్బేరు పశువుల సంత. పొద్దటి నుంచి రోడ్డంతా ఎద్దులే. అక్కడ దళారులు ధర పైకి చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఇద్దరు దళారులు ఎద్దులను వదిలేసి జితేందర్‌కు చెరో పక్కన వచ్చి నిలబడ్డారు. ఒకడు చనువుగా అతని పిస్టల్ చెయ్యి అందుకుని పైన తువ్వాల కప్పాడు. తువ్వాల కింద బేడీల చిన్న క్లిక్ వినిపించింది; దళారులిద్దరూ చీఫ్ పంపిన మనుషులే. దారిన పోయే రైతు ఒకాయన ఆగి, బేరం ఎంతకు కుదిరిందని అడిగాడు కూడా.

మూడింటికి పది నిమిషాల ముందే సుధాకర్ హైదరాబాద్‌లో కుర్చీలో కూర్చుని చెప్పవలసింది చెప్పడం మొదలుపెట్టాడు. వేరే గదిలో జితేందర్ మాత్రం రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు ఉమారాణిని పిలిపించి ఒక్కటే అడిగాడు. తాను కారులో పెట్టిన కోడ్‌ను ఆపిన ఫైర్‌వాల్ ఏ దేశానిది?

ఆమె బ్యాగులోంచి తుమ్మచెక్క తీసి బల్ల మీద పెట్టింది.

అతను దాన్ని తిప్పి చూశాడు. మరల కన్నాలు చూశాడు. అబద్ధమాడుతున్నారా అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తల దించుకుని, ముఠాలో తనకు తెలిసిన పదకొండు పేర్లూ చెప్పేస్తానన్నాడు. ఒకటే షరతు, రిపోర్టులో చెక్క అని రాయకూడదు. ఈ లైన్లో తనకో పేరుంది.

డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంది. ఫైల్లో "మెకానికల్ పెడల్ లిమిటర్, వెర్షన్ రెండు" అని రాశారు. వెర్షన్ ఒకటి డెబ్బై దగ్గరే ఆపేసింది కనుక, అది అబద్ధం కూడా కాదు.